విచ్చుకోని గొడుగు: గెలీలియో నౌకలో ఏం ఇరుక్కుంది, ఎలా కనిపెట్టారు, ఎందుకు వదిలేశారు

1991 ఏప్రిల్ 11. గురుగ్రహానికి బయల్దేరిన నాసా వారి గెలీలియో నౌక తన ప్రధాన యాంటెన్నాను విప్పుకోవాల్సిన రోజు. అంతా సవ్యంగా ఉంటే దాని రెండు మోటార్లు మూడు నిమిషాల్లోపే పని ముగించి ఆగిపోవాలి. అలా జరగలేదు. టైమర్ ఆపేదాకా, అంటే ఎనిమిది నిమిషాల పాటు, వాటికి కరెంటు పోతూనే ఉంది. యాంటెన్నా పూర్తిగా తెరుచుకున్నాక నొక్కుకోవాల్సిన మైక్రోస్విచ్ నొక్కుకోలేదు. కాలిఫోర్నియాలోని జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ(జేపీఎల్)లో కూర్చున్న ఇంజినీర్లకు మొదట తెలిసింది ఇంతే.

యాంటెన్నా వైపు చూసే కెమెరా నౌకలో లేదు. ఏ ఊచ ఎంత కోణంలో ఉందో కొలిచే సెన్సర్లూ లేవు. దూరాన ఉన్న యంత్రం మొరాయిస్తే రిపేరు సంగతి తర్వాత, ముందు ఏం చెడిందో తెలియాలి. గెలీలియో కథలో ఈ తెలుసుకోవడం అనే భాగం చాలా గొప్పగా జరిగింది. రిపేరు మాత్రం కుదరలేదు. అయినా ఆ నౌక ఎనిమిదేళ్ల పాటు గురుగ్రహం చుట్టూ తిరిగి, అనుకున్న పరిశోధనలో 70 శాతం దాకా చేసి పెట్టింది. అదెలాగో చూడాలంటే ముందు ఆ యాంటెన్నా కట్టుబడి తెలియాలి.

ఊచలు, పిన్నులు, స్క్రూ

యాంటెన్నా వ్యాసం 4.8 మీటర్లు. అంత డిష్‌ను తెరిచి ఉంచి స్పేస్ షటిల్‌లో పంపడం కుదరదు కాబట్టి గొడుగులా మడిచే రకం ఎంచుకున్నారు. భూమి చుట్టూ తిరుగుతూ ఇతర నౌకల సంకేతాలను అందించే టీడీఆర్‌ఎస్ ఉపగ్రహాల కోసం అప్పటికే చేసిన డిజైన్ ఇది. నడుమ ఒక స్తంభం, దాని చుట్టూ గ్రాఫైట్-ఎపాక్సీతో చేసిన 18 ఊచలు, ఊచల మధ్య బంగారు పూత పూసిన మాలిబ్డినం తీగతో అల్లిన జాలి. స్తంభం అడుగున రెండు మోటార్లు కలిసి ఒక బాల్‌స్క్రూను తిప్పుతాయి. స్క్రూ తిరిగితే దాని మీది క్యారియర్ జరుగుతుంది. క్యారియర్‌కు తగిలించిన 18 కడ్డీలు ఒక్కో ఊచ మొదలును తోస్తాయి, ఊచ బయటికి వాలుతుంది. మోటారు ఒకటి పాడైనా రెండోది ఉంది. కానీ ఊచలకు అలాంటి ప్రత్యామ్నాయం లేదు. పద్దెనిమిదీ విచ్చుకోవాలి, లేకపోతే డిష్ ఆకారమే రాదు.

మడిచి ఉన్నప్పుడు లాంచ్ కుదుపులకు ఊచలు కొట్టుకోకుండా ఒక్కో ఊచ నడుమ భాగంలో రెండు పిన్నులు పెట్టారు. అవి స్తంభం మీది గుంటల్లో కూర్చుంటాయి. ఒక గుంట శంకువు ఆకారంలో, మరొకటి ఇంగ్లిష్ ‘వి’ అక్షరం ఆకారపు గాడిలా ఉంటుంది. పిన్నులు టైటానియంవి, గుంటలు ఇన్‌కొనెల్ అనే నికెల్ మిశ్రలోహానివి. రెండింటి మధ్య రాపిడి తగ్గించడానికి పిన్ను మీద మాలిబ్డినం డైసల్ఫైడ్ పొడి కందెన పూత. గ్రీజు వాడకపోవడానికి కారణం, శూన్యంలో గ్రీజు మెల్లగా ఆవిరై పోతుంది, చలికి గట్టిపడుతుంది. ఊచలను స్తంభానికి బిగించి పట్టిన లాంచ్ బంధనాన్ని 1989 అక్టోబరులో, షటిల్ నుంచి విడిపోయిన కొద్దిసేపటికే వదిలేశారు. అయినా పిన్నులు గుంటల్లోనే ఉన్నాయి. వాటిని లాగాల్సింది స్క్రూ.

చూడకుండా చూడటం

గెలీలియో తన అక్షం చుట్టూ నిమిషానికి మూడు చుట్లు తిరుగుతూ పోయే నౌక. ఇంజినీర్లకు ఆసరా అయింది ఈ భ్రమణమే. ఊచలు బయటికి వాలితే ద్రవ్యరాశి అక్షానికి దూరంగా జరుగుతుంది, అప్పుడు భ్రమణ వేగం తగ్గాలి. ఎంత తగ్గాలో ముందే లెక్క ఉంది. తగ్గింది కానీ లెక్క ప్రకారం తగ్గాల్సినంత తగ్గలేదు. అంటే యాంటెన్నా అసలు తెరుచుకోకుండానూ లేదు, పూర్తిగా తెరుచుకోనూ లేదు.

రెండో ఆనవాలు ఊగిసలాట. విప్పే ప్రయత్నం తర్వాత నౌక తిరుగుతూ కాస్త ఊగడం మొదలుపెట్టింది. ఊచలన్నీ సమానంగా సగంలో ఆగి ఉంటే ఊగదు. ఒక పక్క ఊచలు బాగా వాలి, మరో పక్కవి మూసుకునే ఉంటేనే బరువు ఒక వైపుకు ఒరుగుతుంది.

మూడోది సూర్య సెన్సర్. నౌక ఒక్కో చుట్టు తిరిగినప్పుడల్లా సూర్యుణ్ని చూసి దిశ సరిచూసుకునే ఈ పరికరానికి చుట్టులో ఒక చోట వెలుతురు అడ్డుపడుతోంది. ఏదో ఊచ సగం తెరుచుకుని దాని చూపులోకి వచ్చిందన్నమాట. ఏ కోణంలో అడ్డుపడుతోందో తెలుసు కాబట్టి ఆ ఊచ ఎంత దూరం వాలిందో జ్యామితితో తేల్చారు. నాలుగోది మోటార్ల కరెంటు. స్క్రూ అయిదు చుట్లు తిరిగి బిగుసుకుపోయిందని దాన్నుంచి తెలిసింది.

ఈ నాలుగు ఆనవాళ్లలో ఏదీ యాంటెన్నాను పరీక్షించడానికి పెట్టింది కాదు. సూర్య సెన్సర్ ఉన్నది దిశ కోసం, భ్రమణ కొలత ఉన్నది నౌక నియంత్రణ కోసం. ఒక్కొక్కటి విడిగా చూస్తే పది కారణాలు చెప్పొచ్చు. నాలుగూ ఒకేసారి సరిపోయే వివరణ కోసం జేపీఎల్ వాళ్లు తమ దగ్గరున్న స్పేర్ యాంటెన్నాను ముందు పెట్టుకున్నారు. కావాలని కొన్ని ఊచలను స్తంభానికి కట్టేసి మోటార్లు నడిపారు. ఒకటి, రెండు, మూడు, పక్కపక్కవి, ఎదురెదురువి, ఇలా మార్చి మార్చి చూశారు. పక్కపక్కనే ఉన్న మూడు ఊచలు ఇరుక్కుంటే నౌక నుంచి వచ్చిన లెక్కలకు దగ్గరగా వచ్చింది. అవి 9, 10, 11 నంబరు ఊచలు కావాలి అన్న నిర్ణయానికి వచ్చారు.

మూడు ఊచలు ఇరుక్కుంటే మిగతా పదిహేను ఎందుకు ఆగాలి అనే సందేహం సహజం. స్క్రూ మీది క్యారియర్ మొత్తం 18 కడ్డీలను సమానంగా తోసేలా చేసిన వస్తువు. ఒక పక్క మూడు కడ్డీలు కదలకపోతే క్యారియర్ మీద పక్కకు వంచే బలం పడుతుంది. స్క్రూకు, నట్టుకు నడుమ రాపిడి పెరుగుతుంది. మోటారు శక్తిలో చాలా భాగం ఆ రాపిడికే ఖర్చవుతుంది, పిన్నులను లాగడానికి మిగిలేది తక్కువ. పిన్ను ఇరుక్కోవడం మొదటి తప్పు. ఆ తప్పు తనకు విరుగుడు కావాల్సిన బలాన్ని తానే తినేయడం రెండో తప్పు. డిజైన్ చేసినప్పుడు ఒక్కో ఊచకు ఎంత బలం కావాలో, దానికెంత మార్జిన్ ఉందో లెక్క వేశారు గానీ, ఒక పక్క మాత్రమే ఇరుక్కుంటే మొత్తం వ్యవస్థ ఏమవుతుందన్నది అందులో సరిగా పట్టుబడలేదు.

తప్పు రోడ్డు మీద మొదలైంది

కందెన పూత ఎందుకు పోయింది? ఈ ప్రశ్నకు జవాబు అంతరిక్షంలో లేదు.

గెలీలియోను అసలు 1986 మేలో ప్రయోగించాలి. నౌక కాలిఫోర్నియా నుంచి ఫ్లోరిడాలోని కెనెడీ స్పేస్ సెంటర్‌కు ట్రక్కులో వెళ్లింది. 1986 జనవరి 28న చాలెంజర్ షటిల్ పేలిపోయింది. ప్రయోగం వాయిదా పడి నౌక మళ్లీ ట్రక్కులో కాలిఫోర్నియాకు వచ్చింది. 1989లో మూడోసారి ట్రక్కెక్కి ఫ్లోరిడాకు పోయింది. ఒక్కో ప్రయాణం అమెరికాను అడ్డంగా దాటే దూరం, సుమారు 4,000 కిలోమీటర్లు. విమానంలో పంపొచ్చు గానీ ఖర్చు ఎక్కువ, పైగా విమానంలోకి ఎక్కించి దించడంలోనూ ప్రమాదం ఉందని రోడ్డునే నమ్ముకున్నారు. అన్ని వేల కిలోమీటర్ల కుదుపులకూ పిన్నులు గుంటల్లో అతి స్వల్పంగా అటూ ఇటూ రాసుకున్నాయి. ట్రక్కు పలకకు దగ్గరగా ఉన్న ఊచల మీద ఆ బాధ ఎక్కువ పడింది. తర్వాత ఇరుక్కున్నవి కూడా ఆ వైపువే.

పూత అరిగిపోవడానికి ముందే దెబ్బతిందనే ఆధారాలు కూడా దొరికాయి. గుండ్రని పిన్ను వి ఆకారపు గాడిలో కూర్చుంటే తాకేది చాలా చిన్న చోట్ల. బిగించినప్పుడు ఆ చిన్న చోట్ల మీద పడే ఒత్తిడికి పూత చిట్లుతుంది, కింది లోహం కాస్త నొక్కుకుపోతుంది. చిట్లిన పూత మీద రాపిడి పడితే పొడి రాలిపోతుంది.

అసలు మెలిక ఇక్కడుంది. మాలిబ్డినం డైసల్ఫైడ్ శూన్యంలో చక్కగా పనిచేసే కందెన, కానీ తేమ ఉన్న గాలిలో రుద్దితే త్వరగా అరుగుతుంది. అంటే భూమి మీద చేసే ప్రతి కదలికా అంతరిక్షం కోసం దాచిపెట్టిన పూతను తింటుంది. మరోపక్క పూత పోయిన టైటానియం గాలిలో పెద్దగా ఇబ్బంది పెట్టదు. గాలి తగలగానే దాని మీద ఆక్సైడ్ పొర ఏర్పడి రెండు లోహాలు నేరుగా అంటుకోకుండా కాపాడుతుంది. శూన్యంలో ఆ పొర ఒకసారి గీసుకుపోతే మళ్లీ రాదు. లోహం లోహాన్ని పట్టేస్తుంది, లాగితే చిరుగుతుంది, రాపిడి అమాంతం పెరుగుతుంది. అందుకే అరిగిన పిన్నులతో ఉన్న యాంటెన్నాను భూమి మీద గాలి ఉన్న గదిలో విప్పి చూస్తే హాయిగా తెరుచుకుంటుంది. పరీక్ష పాసవుతుంది. లోపం ఉండిపోతుంది.

దీనికి తోడు షటిల్ నుంచి విడిపోయాక నౌకను భూమి దగ్గర్నుంచి తోసిన ఘన ఇంధన రాకెట్ దశ కుదుపులు కూడా ఉన్నాయి, అవి శూన్యంలోనే జరిగాయి. వాయిదా పడిన మూడున్నరేళ్లలో ప్రయోగ మార్గం కూడా మారింది. ముందు అనుకున్న శక్తిమంతమైన సెంటార్ రాకెట్ దశను షటిల్‌లో తీసుకెళ్లడం ప్రమాదమని చాలెంజర్ తర్వాత రద్దు చేశారు. దాని బదులు పెట్టిన దశకు గురుగ్రహం దాకా నేరుగా పంపే సత్తువ లేదు. అందుకని నౌక ముందు శుక్రుడి దగ్గరికి, తర్వాత రెండుసార్లు భూమి దగ్గరికి వచ్చి వేగం పుంజుకునే దారి పట్టింది. శుక్రుడి దగ్గర ఎండకు యాంటెన్నా తట్టుకోదు కాబట్టి ప్రత్యేకంగా నీడ పలకలు పెట్టి, దాన్ని 18 నెలల పాటు మూసే ఉంచారు. ఇన్నేళ్లు మడిచి ఉంచిన పిన్నుల కందెనను ప్రయోగానికి ముందు ఎవరూ విప్పి చూడలేదు, కొత్తగా పూయనూ లేదు. విమర్శించాలంటే విమర్శించదగ్గ చోటు ఇదే అనిపిస్తుంది. ట్రక్కు ప్రయాణం అప్పటి లెక్కల్లో తెలివైన నిర్ణయమే. తిరిగొచ్చిన వస్తువును కొత్తదాని కింద జమకట్టడం మాత్రం కాదు.

ఏమేం చేసి చూశారు

మొదట ఎవరికైనా తట్టేది వెనక్కి మూసి మళ్లీ తెరవడం. ఈ యాంటెన్నాకు మూసే ఏర్పాటు లేదు. తెరుచుకోవడం ఒక్కటే దాని పని.

తర్వాతిది వేడి, చలి. గ్రాఫైట్-ఎపాక్సీ ఊచలు ఉష్ణోగ్రతకు పెద్దగా సాగవు, కుంచించుకుపోవు. స్తంభం అంతకన్నా ఎక్కువ మారుతుంది. యాంటెన్నాను ఎండకు తిప్పితే స్తంభం సాగుతుంది, నీడకు తిప్పి పదుల గంటల పాటు ఉంచితే కుంచించుకుపోతుంది. అలా మారినప్పుడల్లా గుంటలో పిన్ను అతి కొద్దిగా జారుతుంది. చాలాసార్లు చేస్తే పిన్ను కొంచెం కొంచెంగా బయటికి నడిచి వస్తుందని ఆశ. ఇది ఊరికే నౌకను అటూ ఇటూ తిప్పడం కాదు. తిప్పిన ప్రతిసారీ మిగతా పరికరాలు వాటి ఉష్ణోగ్రత హద్దులు దాటకుండా చూడాలి, చిన్న యాంటెన్నాతో భూమికి సంబంధం తెగకుండా చూడాలి. 1991 వేసవిలో మొదలుపెట్టి ఏడాదికి పైగా ఈ చలి, వేడి చికిత్స చేశారు. ఫలితం లేదు.

ఆలస్యంగా విచ్చుకున్నవి లేకపోలేదు. 1983 ఆగస్టులో షటిల్‌లో వెళ్లిన మన ఇన్శాట్-1బి సౌర ఫలకం కూడా వెంటనే విచ్చుకోలేదు. సెప్టెంబరు నడిమికి గానీ అది పూర్తిగా తెరుచుకోలేదు. ఎనభైలలో తెలుగు ఊళ్లలో దూరదర్శన్ జాతీయ కార్యక్రమాలు చూసిన వాళ్లు ఆ ఉపగ్రహం పుణ్యాన చూసినవాళ్లే.

గెలీలియోకు నౌక అంచున బూమ్ అనే పొడవాటి కడ్డీ మీద రెండో చిన్న యాంటెన్నా ఒకటి ఉంది. దాన్ని ముడిచి, చాచి, ఆ ఊపుతో నౌకను కుదిపి చూశారు. అదీ లాభం లేకపోయింది.

మిగిలింది సుత్తి దెబ్బలు. అంటే నిజం సుత్తి కాదు. మోటార్లను కాసేపు నడిపి ఆపి, మళ్లీ నడిపి ఆపి, సెకనుకు ఒకటి రెండుసార్ల చొప్పున కొట్టడం. బిగుసుకుపోయిన మోటారును అలాగే కరెంటు పెట్టి ఉంచితే అది ఒకే బలంతో తోస్తుంది. దాన్ని వదిలి మళ్లీ పట్టిస్తే వ్యవస్థలో స్ప్రింగులా నిల్వ ఉన్న వంపు వెనక్కి వచ్చి మళ్లీ ముందుకు కొడుతుంది, ఆ క్షణంలో బలం మామూలు కన్నా ఎక్కువ. కొట్టే వేగం వ్యవస్థ సహజ ఊగుడుకు సరిపోతే ఇంకా ఎక్కువ. ముహూర్తం కూడా చూసి పెట్టారు. 1992 డిసెంబరు 8న నౌక రెండోసారి భూమి పక్కనుంచి వెళ్లింది, అంటే సూర్యుడికి ఇక ఎప్పుడూ రానంత దగ్గరగా ఉన్న కాలం. స్తంభం బాగా వేడెక్కి సాగి ఉంటుంది. ఆ డిసెంబరు నుంచి 1993 జనవరి దాకా 13,000కు పైగా దెబ్బలు కొట్టారు. స్క్రూ ఇంకో చుట్టున్నర తిరిగింది. ఊచలు వదల్లేదు.

చివరగా మార్చిలో నౌక భ్రమణాన్ని నిమిషానికి పది చుట్లకు పెంచి, ఆ అపకేంద్ర బలంతో పాటు మళ్లీ దెబ్బలు కొట్టారు. అదీ అయింది.

ఇక్కడ ఆగడం తేలిక కాదు, కానీ ఆగాల్సిన లెక్క స్పష్టంగా ఉంది. సూర్యుడి నుంచి దూరం పెరుగుతోంది, ఇక స్తంభం అంత వేడెక్కదు. గురుగ్రహం చేరడానికి రెండున్నరేళ్లుంది. ఆ సమయాన్ని యాంటెన్నా మీద పెడితే, అది లేకుండా బతికే పథకానికి మిగలదు. ఈ రెండు పనులూ చేసేది ఒకే బృందం, ఒకే కంప్యూటర్లు.

అంకెల్లో అసలు నష్టం

పెద్ద యాంటెన్నా విచ్చుకుని ఉంటే గురుగ్రహం నుంచి సెకనుకు 1,34,000 బిట్లు వచ్చేవి. మొదటి చిన్న యాంటెన్నా, అది కూడా ఇరుక్కున్న ఆ స్తంభం కొసనే ఉంది, ఉన్నది ఉన్నట్టు వాడితే సెకనుకు పది బిట్లు. గెలీలియో కెమెరా ఫొటో ఒకటి 800 అడ్డం, 800 నిలువు, ఒక్కో చుక్కకు 8 బిట్లు, మొత్తం 51 లక్షల 20 వేల బిట్లు. పెద్ద యాంటెన్నాతో 38 సెకన్లలో రావాల్సిన ఫొటో చిన్నదానితో వస్తే దాదాపు ఆరు రోజులు పడుతుంది.

ఈ ఆరు రోజులను తగ్గించే పని రెండు చివర్ల నుంచీ మొదలైంది. నౌక చివర, ఫొటోలను కుదించడం. ఒక్కో ఫొటోను చిన్న చిన్న గడులుగా విడగొట్టి, ప్రతి గడిలో కంటికి ఆనని తేడాలను వదిలేసే పద్ధతిని రాశారు. పూర్ణాంకాలతో మాత్రమే నడిచేలా రాయడం ఇందులో ముఖ్యం, ఎందుకంటే నౌకలోవి డెబ్బైల నాటి ప్రాసెసర్లు. ప్రధాన కంప్యూటర్‌కు ఆ పని మోసే శక్తి లేక, నౌక దిశను నియంత్రించే కంప్యూటర్ మీద దాన్ని నడిపారు. దిశ చూసుకునే యంత్రం తీరిక దొరికినప్పుడు ఫొటోలు కుదించడం, ఈ మిషన్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన సర్దుబాటు ఇది.

కుదించిన డేటాతో ఒక చిక్కుంది. మామూలు ఫొటోలో ఒక బిట్ తప్పైతే ఒక చుక్క పాడవుతుంది. కుదించినదాంట్లో ఒక బిట్ తప్పైతే ఆ వెనకాల వచ్చే భాగమంతా చెత్తవుతుంది. కాబట్టి కుదింపు ఎంత పెంచితే తప్పుల దిద్దుబాటు కూడా అంత గట్టిగా ఉండాలి. రెండు పొరల ఎర్రర్ కరెక్షన్ కోడ్ రాశారు. లోపలి పొర తేల్చలేని చోట బయటి పొర తేల్చి, ఆ జవాబును మళ్లీ లోపలి పొరకు ఇచ్చి ఇంకోసారి చదివించే ఏర్పాటు చేశారు. పంపే శక్తిలో డేటా ఏమీ లేని క్యారియర్ (వాహక) రేడియో తరంగానికి పోయే భాగాన్ని కూడా తీసేసి, ఉన్నదంతా డేటాకే మళ్లించారు.

భూమి చివర, ఆస్ట్రేలియాలో కాన్‌బెర్రా దగ్గరి 70 మీటర్ల డిష్, దానికి తోడు 34 మీటర్లవి, పార్క్స్‌లోని 64 మీటర్ల రేడియో టెలిస్కోప్, కాలిఫోర్నియాలో గోల్డ్‌స్టోన్ 70 మీటర్ల డిష్, వీటికి అందిన సంకేతాలను కలిపి ఒకే పెద్ద డిష్‌లా వాడారు. కాన్‌బెర్రాలో రిసీవర్ శబ్దం ఇంకా తగ్గించారు. వచ్చిన రేడియో సంకేతాన్ని ముడిగానే రికార్డు చేసి పెట్టుకుంటే, రిసీవర్ పట్టు తప్పిన ముక్కలను తర్వాత వెనక్కి తిప్పి చదవొచ్చు. అంత తక్కువ బిట్లలో ఒక నిమిషం పోయినా నష్టమే.

కొత్త సాఫ్ట్‌వేర్‌ను రెండు విడతల్లో ఎక్కించారు. గురుగ్రహం చేరకముందు 1995లో మొదటిది, చేరాక 1996లో రెండోది. చివరికి గరిష్ఠంగా సెకనుకు 160 బిట్లు సాధించారు, కుదింపు లెక్క కలిపితే అది వెయ్యి బిట్లతో సమానం. ఆరు రోజులు పట్టాల్సిన ఫొటో గంటన్నరలోపు వచ్చేది. పెద్ద యాంటెన్నాతో పోలిస్తే ఇది ఏ మూలకూ కాదు. గురుగ్రహ వాతావరణాన్ని నిరంతరం వీడియోలా తీయాలన్న ఆశ వదులుకోవాల్సి వచ్చింది. కానీ చంద్రుల దగ్గరికి వెళ్లినప్పుడు గబగబా తీసి టేపు మీద దాచుకుని, తర్వాతి చంద్రుడు వచ్చేదాకా వారాల తరబడి తీరిగ్గా పంపుకోవచ్చు.

ఇక భారమంతా టేప్ రికార్డర్ మీద

అసలు పథకంలో టేప్ రికార్డర్ వెనకవరుస వస్తువు. యాంటెన్నా పోయాక అది లేకపోతే మిషనే లేదు. 1995 అక్టోబరులో, గురుగ్రహం రెండు నెలల దూరంలో ఉండగా, వెనక్కి తిప్పమంటే అది ఆగలేదు. 15 గంటల పాటు మోటారు తిరుగుతూ ఉంది, టేపు మాత్రం ఒక చోట అంటుకుపోయింది. అన్ని గంటలు ఒకే చోట రాసుకున్న ఆ ముక్క బలహీనపడి ఉంటుంది, మళ్లీ లాగితే తెగొచ్చు.

దీనికి చేసిన వైద్యం నాకు ఆదర్శంగా అనిపిస్తుంది, అంత సాదా. ముందు నెమ్మదిగా కొద్దిగా నడిపి టేపు కదులుతోందని ఖాయం చేసుకున్నారు. తర్వాత ఆ బలహీనమైన ముక్క మీద రీలు చుట్టూ 25 చుట్లు టేపు చుట్టి దాన్ని లోపల పూడ్చేశారు, ఆ భాగాన్ని ఇక ఎప్పుడూ వాడకుండా హద్దు పెట్టుకున్నారు. అంత మేర నిల్వ తగ్గింది, మిగతా టేపు బతికింది. డిసెంబరు 7న గురుగ్రహ వాతావరణంలోకి దూకే చిన్న ప్రోబ్ డేటాను కాపాడుకోవడానికి అదే రోజు అయో చంద్రుడిని దగ్గరగా తీయాల్సిన ఫొటోలను రద్దు చేశారు. అయోను మళ్లీ అంత దగ్గరగా చూడటానికి 1999 దాకా ఆగాల్సి వచ్చింది. ప్రోబ్ మాత్రం 57 నిమిషాలకు పైగా పనిచేసింది, ఆ డేటా భద్రంగా వచ్చింది.

ఇలాంటి ఇరుకులు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి, వాటి తీరు మాత్రం కొంత మారింది. 2023 ఏప్రిల్‌లో గురుగ్రహానికే బయల్దేరిన యూరప్ నౌక జ్యూస్‌లో 16 మీటర్ల రాడార్ యాంటెన్నా ఒక చిన్న పిన్ను దగ్గర ఆగిపోయింది. ఎండకు తిప్పారు, ఇంజిన్లతో కుదిపారు. మే 12న ఆ బ్రాకెట్‌లోనే ఉన్న మరో విడుదల యంత్రాన్ని పనిచేయిస్తే, ఆ అదురుకు పిన్ను కొద్ది మిల్లీమీటర్లు జరిగి యాంటెన్నా విచ్చుకుంది. జ్యూస్‌కు ఇంకో సౌకర్యం ఉంది: యాంటెన్నాను చూసే కెమెరా. 2021లో వెళ్లిన లూసీ నౌకలో సౌర ఫలకాన్ని లాగే తాడు సడలి, 360 డిగ్రీలు తెరుచుకోవాల్సినది కొన్ని డిగ్రీల ముందే ఆగింది. అక్కడ ప్రధాన మోటారును, బ్యాకప్ మోటారును ఒకేసారి నడిపి తాడు బిగుసుకునేదాకా లాగారు. చివరి గడియ (లాచ్) మాత్రం పడలేదు. ఫలకం గట్టిగానే నిలబడిందని, కరెంటు సరిపోతుందని తేలాక 2023 జనవరిలో ప్రయత్నాలు ఆపేశారు.

గెలీలియో చివరి ఇరుకు 2002 నవంబరులో వచ్చింది. గురుగ్రహానికి బాగా దగ్గరగా ఉండే అమాల్థియా చంద్రుడి పక్కనుంచి పోయినప్పుడు టేపు మీదికి డేటా ఎక్కింది, తర్వాత రికార్డర్ కదల్లేదు. ఈసారి టేపు అంటుకోలేదు. మోటారు చుట్లను లెక్కపెట్టే భాగంలో ఉన్న గాలియం ఆర్సెనైడ్ ఎల్‌ఈడీలు రేడియేషన్‌కు మసకబారి, వెలుతురు మామూలులో 20 శాతానికి పడిపోయింది. సెన్సర్‌కు ఆ వెలుతురు చాలక మోటారు నడవడానికి అనుమతి దొరకడం లేదు. రేడియేషన్ ఆ స్ఫటికంలో పరమాణువులను వాటి చోట్ల నుంచి తోసేసింది. ఎల్‌ఈడీ గుండా గంటల తరబడి కరెంటు పంపుతూ ఉంటే చెదిరిన పరమాణువులు కొంతవరకు తిరిగి సర్దుకుంటాయి. భూమి మీద అలాంటి ఎల్‌ఈడీలను రేడియేషన్‌కు గురిచేసి చూసుకుని, నౌకకు ఆదేశాలు పంపారు. సుమారు వంద గంటల పాటు అలా కరెంటు పెట్టాక రికార్డర్ ఒక గంటసేపు నడిచింది. మళ్లీ ఆపి, మళ్లీ నడిపి, విడతలు విడతలుగా అమాల్థియా డేటానంతా భూమికి దించుకున్నారు. 2003 సెప్టెంబరు 21న నౌకను గురుగ్రహంలోకి దింపేసే నాటికి ఆ మూడు ఊచలు ఇంకా స్తంభానికే అంటుకుని ఉన్నాయి.